పచ్చదీపం వెలిగేదాకా

"ఎనిమిదింటిలో ఒకటి ఇలా పోవడం మామూలే" అన్న మాట నోరు జారగానే శాతాలమ్మకు తెలిసిపోయింది, దాన్ని అనాల్సిన చోటు ఇది కాదని.

మంచం మీద ఆమె ఆడపడుచు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చేతికి సెలైన్ సూది, అది కదలకుండా అడ్డంగా ప్లాస్టరు. దుప్పటి అంచును వేళ్లతో మడుస్తూ, విప్పుతూ, మళ్లీ మడుస్తూ ఉన్నది కాస్తా ఈ మాట వినగానే ఆపేసింది.

"ఇంకోసారి చెప్పు" అంది, తల తిప్పకుండానే.

"అదే... నీ తప్పేం లేదని. ఎవరికైనా..."

"ఎనిమిదింటిలో ఒకటన్నావు కదా వదినా. నాకు రెండింటికి రెండూ పోయాయి. మిగతా పద్నాలుగూ ఎవరింట్లో పుట్టాయో చెప్పు, వెళ్లి చూసొస్తాను."

మంచానికి అటువైపు కూర్చున్న అత్తగారు కోడలి వంక చూసిన చూపుకి పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. "నువ్వు బయటికి వెళ్లి టీ తాగిరా" అంది కోడలితో. టీ వేళ కాదని అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

శాతాలమ్మ అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. ఆ ఆస్పత్రిలో ఏ వార్డులో నూటికి ఎందరు కోలుకున్నారు, ఎందరికి కుట్లు చీము పట్టాయి, ఎందరు మళ్లీ వచ్చి చేరారు అని లెక్కలు తీసి పైవాళ్లకు పంపడం ఆమె ఉద్యోగం. ఒంట్లో ఎలా ఉందని ఎవరైనా పలకరిస్తే "డెబ్బై శాతం" అని నిజంగానే ఆలోచించి చెప్పే రకం. ఆ జవాబు విన్న ఎవరో పెట్టిన పేరు అంటుకుపోయింది. ఆడపడుచుదీ అదే ఆస్పత్రి. కాకపోతే నేలకింది అంతస్తులో, ఆపరేషన్ సామాన్లను శుద్ధి చేసే విభాగంలో, గ్యాస్ పట్టించి క్రిములను చంపే మెషీను ఉన్న గదిలో టెక్నీషియను. చిన్నప్పుడు పుల్లలా ఉండి, నోరు మాత్రం మూయకుండా తిరిగేదని ఆమె అన్న, అంటే శాతాలమ్మ భర్త, పిచ్చుక అని పిలిచేవాడు. పెళ్లయి, మొగుడితో పుట్టింటి పై వాటాలోనే కాపురం పెట్టినా ఆ పేరు పోలేదు.

శాతాలమ్మ లేచి తలుపుదాకా వెళ్లింది. వెనకనుంచి పిచ్చుక గొంతు వినిపించింది, ఈసారి మెల్లగా.

"ఎనిమిదింటిలో ఒకటి ఎక్కడో నాకు తెలీదు. మా గ్యాస్ గదిలో నిలిచిన కడుపులకంటే పోయినవే ఎక్కువ గుర్తు నాకు. నీకు లెక్కలొచ్చు కదా. ఎప్పుడైనా మా గది లెక్క తీశావా?"

తీయలేదు. తీయమని ఎవరూ అడగలేదు. కారిడార్‌లో నిలబడి శాతాలమ్మ ఆ ఒక్క ముక్కే నమిలింది. ఎనిమిదింటిలో ఒకటి అన్నది అందరినీ ఒకే కుప్పగా పోస్తే వచ్చే లెక్క. పిచ్చుక ఆ కుప్పలో పనిచేయడం లేదు.

మర్నాటినుంచే ఆ గది లెక్క మొదలుపెట్టింది. సెలవుల వివరాల్లో సగం కూడా దొరకలేదు. కడుపు పోయిందని ఎవరూ రాసి సెలవు అడగరు, జ్వరమని రాస్తారు. మనిషిమనిషినీ అడగాల్సిందే. గడిచిన ఆరేళ్లలో గ్యాస్ గదిలో చేసినవాళ్లనూ, పక్కనే సామాన్లు కడిగే, పొట్లాలు కట్టే, గుడ్డలు ఉతికే ఆడవాళ్లనూ ఒకే ప్రశ్న, ఒకే తీరుగా అడగాలని ముందే గీత గీసుకుంది. ఒకవైపు గుచ్చి గుచ్చి అడిగి, రెండోవైపు పైపైన అడిగితే వచ్చేది లెక్క కాదు, చాడీ.

నేలకింది అంతస్తులో ఆమెకు స్వాగతం పలికినవాళ్లు ఎవరూ లేరు. పొడవాటి స్టీలు బల్లమీద, భూతద్దం బిగించిన దీపం కింద కత్తెరల కీళ్లు విప్పి చూస్తున్న, గ్యాస్ గదిలో కూడా డ్యూటీ చేసే ఒకామె తల ఎత్తకుండానే అంది:

"మేడం, మీ కాగితం నిండడానికి నా కడుపు తవ్వాలా?"

"మీకు ఇష్టం లేకపోతే..."

"ఇష్టమా? ఇష్టం గురించి మమ్మల్ని ఎవరు అడిగారో చెప్పండి ముందు." కత్తెర నోరు రెండుసార్లు ఆడించి, సరిగ్గా పడలేదని పక్కన పడేసింది. తర్వాతి కత్తెర అందుకుని, అదే గొంతుతో చెప్పింది. "రెండు కాన్పులు. ఇద్దరూ ఉన్నారు. రాసుకుని వెళ్లండి."

ఉతికే చోట ఇంకొకామె "కనీసం ఆ తలుపు వేసి అడగండి, అవతల మగవాళ్లు వింటున్నారు" అని ఒంటికాలి మీద లేచింది. పొట్లాలు కట్టేచోట ఒకమ్మాయి మాటకు బదులు మూడు వేళ్లు చూపించి, అందులో ఒకటి మడిచింది. మడిచిన వేలిని రెండో చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. శాతాలమ్మ గడిలో అంకెలు వేసి, ఆ అమ్మాయి చేయి వదిలేదాకా పక్కనే నిలబడింది.

విభాగం ఇన్‌చార్జి మూడోరోజు అడ్డం వచ్చింది. లావుపాటి మనిషి, మెడలో తాళాలగుత్తి. "పనివేళలో నా వాళ్లను మాటల్లో పెట్టకండి. తొమ్మిదికి థియేటర్‌కి సామాను వెళ్లకపోతే ఆ పెద్ద సర్జన్ మీకు ఫోన్ చేసి తిట్టడు, నాకు చేస్తాడు."

"టీ వేళలోనే అడుగుతాను."

"టీ వేళలో వాళ్లు టీ తాగుతారు."

ఇంట్లోనూ అంతే. ఆస్పత్రినుంచి తెచ్చాక పిచ్చుక పైవాటాలోనే ఉండిపోయింది. శాతాలమ్మ భోజనం పట్టుకుని వెళ్తే మెట్లమీదే అత్తగారు గిన్నె అందుకునేది. "నువ్వు కనబడితే అది ముద్ద ఎత్తడం లేదు. నీ లెక్కలూ నువ్వూ కిందే ఉండండి." భర్త ఇద్దరి మధ్యా నలిగి, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. ఒక సాయంత్రం ఆ పేపరు వెనకనుంచే అన్నాడు: "దాని బాధ నీకు అర్థం కాదని కాదు. అర్థమైనట్టు కనిపించడం నీకు రాదు."

పది రోజులకి లెక్క ఒక కొలిక్కి వచ్చింది. శాతాలమ్మ సూపరింటెండెంటు గదికి వెళ్లింది. ఆయన సన్నగా, నున్నగా ఉంటాడు. ఎప్పుడూ గొంతు పెంచడు. ఎదుటివాడి గొంతు పెరిగేదాకా ఆగుతాడు. కాగితం అంతా చదివి, కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"మొత్తం ఇరవై మూడు గర్భాలు పోయాయన్నమాట. అందులో గ్యాస్ గదివి ఎనిమిది. మిగతా పదిహేనూ ఆ గ్యాస్ మొహం కూడా చూడనివాళ్లవి. అంటే పోయినవాటిలో మూడింట రెండొంతులు బయటివే. మరి గ్యాస్ మీద నేరం ఎలా మోపుతారు?"

"మీరు పోయినవాటిని ముందు పెట్టుకుని, ఇవి ఎవరివి అని అడుగుతున్నారు సార్. అడగాల్సింది అది కాదు. గ్యాస్ గదిలో ఉన్నవాళ్లను ముందు పెట్టుకుని, వీళ్లలో ఎందరికి పోయాయి అని అడగాలి. బయట పనిచేసేవాళ్లలో నూట ఇరవై గర్భాలు వచ్చాయి, పదిహేను పోయాయి. గ్యాస్ గదిలో వచ్చినవే ఇరవై ఒకటి. అందులో ఎనిమిది పోయాయి. బయట ఎనిమిదింటికి ఒకటి. లోపల ఎనిమిదింటికి దాదాపు మూడు."

"రెండు మాటలూ ఒకటే కదా."

"కాదు సార్. రోడ్డుమీద చచ్చిపోయేవాళ్లలో నడిచేవాళ్లు వేలమంది. మోటారు పందేలు ఆడేవాళ్లు ఒకరో ఇద్దరో. అంతమాత్రాన మోటారు పందెం నడకకంటే క్షేమమని మీ అబ్బాయిని పంపిస్తారా?"

ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. కళ్లద్దాలను మాత్రం కాస్త ఇటు జరిపాడు. "వయసు సంగతి?"

"ముప్ఫై లోపువాళ్లను విడిగా చూశాను. తేడా అలాగే ఉంది."

"ఇరవై ఒకటంటే చాలా తక్కువ. ఏదో అలా జరిగి ఉండొచ్చు."

"జరగొచ్చు. లోపలా బయటా ప్రమాదం ఒకటే అయితే, ఇలా జరగడానికి మూడు నాలుగు వందల్లో ఒక్క వంతు అవకాశం ఉంది."

"మీ ఆడపడుచు అక్కడే కదా చేసేది?" అన్నాడు ఆయన, అదే గొంతుతో.

శాతాలమ్మ చెవులు వేడెక్కాయి. "అవును. పోయినవాటిలో రెండు ఆమెవి. ఆవిడని పూర్తిగా తీసేసి చూడండి. పంతొమ్మిదికి ఆరు. అప్పుడూ బయటికంటే రెండింతల పైమాటే."

గొంతు పెరిగిందని ఆమెకు అన్నాక తెలిసింది. ఆయనకు కావలసింది అదే అనుకుంది. కానీ ఆయన కాగితాన్ని జాగ్రత్తగా మడిచి, "సరే. ఒప్పుకుంటున్నాను. ఏదో ఒకటి చేద్దాం" అన్నాడు. శాతాలమ్మ నమస్కారం పెట్టి బయటికి వచ్చింది. మెట్లు దిగుతుంటే ఒళ్లు తేలికైంది. ఆ రాత్రి భోజనాల దగ్గర భర్తకు చెప్పింది, పైవాటాకు వినపడేంత గట్టిగా.

మర్నాడు మధ్యాహ్నం నేలకింది అంతస్తు గోడమీద నోటీసు పడింది. సిబ్బంది ఆరోగ్యాన్ని దృష్టిలో పెట్టుకుని, పిల్లలు కనే వయసున్న ఆడవాళ్లెవరూ సోమవారం నుంచి గ్యాస్ గదిలో పనిచేయరాదు. వాళ్లను గుడ్డల స్టోరుకు మారుస్తున్నాం. వాళ్ల స్థానంలో, ఈ ప్రమాదం లేని మగ సిబ్బందిని నియమిస్తున్నాం. టెక్నీషియను హోదా గ్యాస్ గదిలో పనిచేసేవారికే వర్తిస్తుంది.

మెషీను గురించి అందులో ఒక్క ముక్క లేదు.

శాతాలమ్మ క్యాంటీన్‌లో అడుగుపెట్టేసరికి గ్యాస్ గది ఆడవాళ్లు ఒక బల్ల చుట్టూ ఉన్నారు. ఎవరూ తిట్టలేదు. ఆమె ఖాళీ కుర్చీ లాగబోతే ఒకామె తన సంచీ అందులో పెట్టింది. రెండో కుర్చీలో ఇంకొకామె కాళ్లు చాపింది. ట్రే పట్టుకుని నిలబడ్డ శాతాలమ్మను చూసి, భూతద్దం దీపం దగ్గరి ఆవిడ అంది: "ఎనిమిదేళ్లు పట్టింది మేడం నాకు టెక్నీషియను అనిపించుకోడానికి. మీకు పది రోజులు పట్టింది తీసెయ్యడానికి. వచ్చినప్పుడే అనుకున్నాను."

ఇంటికి వచ్చేసరికి పిచ్చుక మెట్ల మీద నిలబడి ఉంది. బిడ్డ పోయాక ఆమె కిందికి దిగడం అదే మొదలు. మొహం పాలిపోయి ఉంది. నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"ధన్యవాదాలండీ వదినగారూ" అంది. నువ్వు అనే మనిషి మీరు అంటే ఎంత దూరం నెట్టినట్టో శాతాలమ్మకు ఒంటికి తగిలింది. "బిడ్డ ఎలాగూ పోయింది, పని ఎందుకు మిగలాలని కాబోలు."

"నేను మిమ్మల్ని తీసెయ్యమని చెప్పలేదు. గదిలో ప్రమాదం ఉందన్నాను."

"మరి గది అక్కడే ఉంది, మేం పోతున్నాం. అదెలా? గదిని లెక్కపెట్టమంటే మమ్మల్ని లెక్కపెట్టారు మీరు. మా కడుపులే తప్పయినట్టు."

అత్తగారు గుమ్మంలోకి వచ్చి "పైకి నడు, నీరసంగా ఉన్నావు" అని కూతురి చేయి పట్టుకుంది. పిచ్చుక విదిలించుకుని, తనే ఎక్కింది. పై తలుపు పడ్డ చప్పుడుకు కింద గ్లాసులు అదిరాయి.

ఆ మాట శాతాలమ్మను వదల్లేదు. కోపంతో అన్న మాటే. అయినా అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఎనిమిదింటికి మూడు అని తేల్చి అక్కడే ఆగిపోయింది తను. గ్యాస్ గది అని ఒక పేరు పెట్టి అందరినీ అందులో పోసింది. ఆ గదిలో కూడా అందరూ ఒకే పని చేస్తారా? ఒకే గాలి పీలుస్తారా? అక్కడ నిలబడి చూడనైనా చూడలేదు.

మర్నాడు పొద్దున్నే డ్యూటీ మారే వేళకు కిందికి దిగింది. ఇన్‌చార్జి చూసి మొహం తిప్పుకుంది కానీ పొమ్మనలేదు. గ్యాస్ మెషీను ఒక పెద్ద బీరువా అంత ఉంది. ఆవిరికి కరిగిపోయే ప్లాస్టిక్ గొట్టాలు, తీగలు, సన్నటి పైపులు పొట్లాలుగా కట్టి రాత్రిపూట లోపల పేరుస్తారు. గ్యాస్ పట్టించడం అయ్యాక పంపు దాన్ని తోడెయ్యాలి. తోడుతున్నంతసేపూ తలుపు పైన పసుపు దీపం. పూర్తిగా తోడేశాక పచ్చదీపం. పచ్చదీపం వెలిగేదాకా తలుపు తీయరాదని మెషీను మీదే అచ్చు వేసి ఉంది.

పసుపు దీపం వెలుగుతుండగా గోడమీద ఫోను మోగింది. ఇన్‌చార్జి ఎత్తి, "వస్తున్నాయి డాక్టరుగారూ, వస్తున్నాయి" అని పెట్టేసి, ఎవరివైపూ చూడకుండా చేయి ఊపింది. ఒకమ్మాయి చేతి తొడుగులు వేసుకుంది. ఊపిరి బిగబట్టి, తలుపు పిడి ఎడమకు తిప్పి, మొహం పక్కకు పెట్టి లాగింది. బుట్టలు ఒక్కొక్కటే చేతులమీద మోసుకుని బండిలో పెట్టింది. నాలుగో బుట్టకు ఊపిరి వదిలి, పీల్చక తప్పలేదు. శాతాలమ్మ నిలబడిన చోటికి సన్నటి తీపి వాసన వచ్చింది, ఎక్కడో పండు ముగ్గుతున్నట్టు.

"రోజూ ఇంతేనా?" అని అడిగింది.

"రోజూ కాక?" అంది ఆ అమ్మాయి. "మధ్యాహ్నం వాళ్లు తీసేది రెండో విడత, దానికి తొందర లేదు. వాళ్ల వంతుకి దానంతటదే పచ్చదీపం వచ్చి ఉంటుంది. ఈ తీపి వాసన మా పొద్దుటి డ్యూటీదే."

ఇన్‌చార్జి గిరుక్కున తిరిగింది. "నోటికి తాళం వేసుకుని పని చూడు."

శాతాలమ్మ తిన్నగా ఇంటికి వెళ్లి పైవాటా తలుపు తట్టింది. తలుపు జానెడు తెరుచుకుంది. ఏ పలకరింపూ లేకుండా అడిగింది: "నువ్వు రెండుసార్లూ పొద్దుటి డ్యూటీలోనే ఉన్నావా?"

పిచ్చుక గడియ మీదినుంచి చేయి తీయకుండానే చెప్పింది. "ఉన్నాను."

"మిగతావాళ్లు? ఒక్కొక్కరూ గర్భంతో ఉన్నప్పుడు ఏ డ్యూటీలో ఉన్నారో నాకు కావాలి."

"నీకెవరు చెప్తారు? నిన్ను చూస్తే కుర్చీలు కూడా పారిపోతున్నాయట." తలుపు ఇంకాస్త తెరిచింది. "నాకు చెప్తారు. నేను అడుగుతాను. నువ్వు నోరు మూసుకుని రాసుకో. మామూలే, ఎనిమిదింటికి ఒకటి, ఆ కూతలు కూశావో, అక్కడే వదిలేసి వచ్చేస్తాను."

అలాగే జరిగింది. పిచ్చుక నీరసంగా గోడలు పట్టుకుని నడుస్తూనే ఇళ్లిళ్లూ తిప్పింది. మానేసి వెళ్లిపోయిన వాళ్లనూ వెతికింది. శాతాలమ్మ ప్రతి ఇంట్లోనూ ఒక మూల కూర్చుని, అడిగితే తప్ప మాట్లాడలేదు. మొదట కసురుకున్నవాళ్లే పిచ్చుక పక్కన కూర్చున్నాక గలగలా చెప్పారు. ఒకామె తన బిడ్డకు అనుకున్న పేరు కూడా చెప్పింది. దాన్ని రాయాల్సిన గడి ఏదీ లేదు. శాతాలమ్మ పెన్ను పక్కన పెట్టి విన్నది.

తిరిగి వచ్చి పైవాటాలో, బట్టలు ఆరేసిన తాడు కింద కూర్చుని కూడింది. పొద్దుటి డ్యూటీలో ఉన్నప్పుడు వచ్చిన గర్భాలు పదకొండు. పోయినవి ఏడు. మధ్యాహ్నం డ్యూటీలో పది. పోయింది ఒకటి.

పిచ్చుక ఆ రెండు వరుసలనూ వేలితో తడిమింది. "మధ్యాహ్నం వాళ్లకు... ఒక్కటేనా?"

"ఒక్కటే. అదే గది, అదే మెషీను, మీలాంటి ఆడవాళ్లే. బయట పనిచేసేవాళ్లకంటే వాళ్లకేం ఎక్కువ లేదు. గ్యాస్ గదికి ఎనిమిదింటికి మూడు అన్నాను కదా. అది ఈ రెండిటినీ కలిపి కొట్టిన లెక్క. అలా అయితే మీలో ఎవరికీ సరిపోదు. మధ్యాహ్నం వాళ్లకు అంత లేదు. మీకు అంతకంటే చాలా ఎక్కువ."

"యాదృచ్ఛికమంటాడు ఆ సూపరింటెండెంటు."

"మీకూ బయటివాళ్లకూ ప్రమాదం సమానమై ఉంటే, పదకొండులో ఏడు పోవడం పదివేలకు ఒక్కసారి కూడా జరగదు. అనమను."

పిచ్చుక ఎవరినో కొట్టబోతున్నట్టు పిడికిలి బిగించి, తన మోకాలి మీదే కొట్టుకుంది. "అంటే తలుపు. ఆ తలుపు కాస్త ఆగి తీసి ఉంటే..." వాక్యం అక్కడే వదిలేసింది. శాతాలమ్మ దాన్ని పూర్తి చేయలేదు.

ఆ సాయంత్రం గ్యాస్ గది ఆడవాళ్లంతా పైవాటాకు వచ్చారు. అత్తగారు మెట్లమీద నిలబడి, చెప్పులు విప్పిన తీరు బాలేదని ప్రతి ఒక్కరినీ కసిరి మరీ పంపింది. శాతాలమ్మ రెండు వరుసలూ అందరి ముందూ పెట్టింది. "ఇది పైకి పంపాలా వద్దా మీరే చెప్పండి. ఈసారి మీరు అనకుండా పంపను" అంది.

భూతద్దం దీపం దగ్గరి ఆవిడ చదివి, పళ్లు నూరింది. "పంపితే ఏమవుతుందో నేను చెప్తాను. పసుపు దీపం మీద తలుపు ఎవరు తీశారంటాడు. మేమే కదా. తీయమన్నట్టు ఎక్కడైనా రాసుందా? చేయి ఊపారంతే. నియమం తప్పింది మేమని మమ్మల్నే ఇంటికి పంపుతాడు."

"అంటే నోరు మూసుకుని గుడ్డల స్టోరుకు పోవాలా?" అంది ఇంకొకామె.

"తిట్టుకోవడం ఆపండి" అంది పిచ్చుక. "పైకి ఏం పంపక్కర్లేదు. తీయకపోతే సరి. సోమవారం దాకా ఆ తలుపు మనదేగా. రేపు నేను డ్యూటీలో చేరుతున్నాను. పచ్చదీపం వెలిగేదాకా తీయను. నియమం తప్పలేదు కదా, ఏమంటాడు?" వదిన వైపు తిరిగింది. "నువ్వు కూడా కిందికి రా. మాటసాయం అక్కర్లేదు. మనిషివి ఉంటే చాలు."

మర్నాడు ఆ గదిలో ఎప్పుడూ లేనంత జనం. పని నేర్చుకోమని సూపరింటెండెంటు పంపిన ఇద్దరు మగవాళ్లు చేతులు కట్టుకుని గోడవారగా నిలబడ్డారు. పసుపు దీపం వెలుగుతోంది. ఫోను మోగింది. ఇన్‌చార్జి ఎత్తి, "వస్తున్నాయి" అని, చేయి ఊపింది. ఎవరూ కదల్లేదు. మళ్లీ ఊపింది.

"పచ్చదీపం రాలేదమ్మా" అంది పిచ్చుక, మెషీను ముందు నిలబడి.

"నాకు నువ్వు చెప్తున్నావా?"

"మెషీను చెప్తోంది. నేను చదువుతున్నానంతే."

ఫోను మోగుతూనే ఉంది. ఇన్‌చార్జి ఒకసారి అరిచింది, ఒకసారి బతిమాలింది. మూడోసారి ఫోనులో అవతలినుంచి పెద్ద సర్జన్ అరుపు గదంతా వినబడింది. ఆమె ఫోనును చెవికి దూరంగా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అప్పుడు శాతాలమ్మకు మొదటిసారి తట్టింది: ఆ తలుపు పక్కన అందరికంటే ఎక్కువ ఏళ్లు నిలబడింది ఆమే.

సూపరింటెండెంటు దిగివచ్చాడు. ఈ మెట్లు ఆయనకు అలవాటు లేవని, కింది మెట్టు దగ్గర తడబడినప్పుడే తెలిసింది. ఎప్పటిలాగే గొంతు పెంచలేదు. "పేషెంటు బల్లమీద పడుకుని ఉన్నాడు. తలుపు తీయండి."

"మత్తు ఇంకా ఇవ్వలేదట సార్, ఫోన్ చేసి కనుక్కున్నాం" అంది పిచ్చుక. "కాసేపు ఆగితే ఆయనకేం కాదు."

"తీయమని చెప్తున్నాను."

"మీరు తీయండి సార్." పిచ్చుక పక్కకు జరిగింది. కొత్త చేతి తొడుగుల జత తీసి ఆయన ముందు పట్టుకుంది. "పిడి ఎడమకు తిప్పాలి. గట్టిగా లాగాలి."

ఆయన తొడుగుల వంక చూశాడు. పసుపు దీపం వంక చూశాడు. శాతాలమ్మ అక్కడ ఉందని అప్పుడే గమనించినట్టు ఇటు తిరిగాడు. "లెక్కలు చెప్పి వీళ్లను భయపెట్టింది మీరే కదా. చెప్పండి. ఒక్కసారి తీస్తే ఏమవుతుంది?"

"ఒక్కసారికి నేను చెప్పలేను సార్. రోజూ తీసినవాళ్ల లెక్కే నా దగ్గర ఉంది. పదకొండుకి ఏడు. ఒక్కసారే తీసినవాళ్లు ఇంతవరకు లేరు. మీరే మొదటివారవుతారు."

"మీరు మగవారు కదా సార్" అంది పిచ్చుక. "మగవాళ్లకు ఈ ప్రమాదం లేదని నోటీసులో మీరే రాశారు."

గోడవార నిలబడ్డ ఇద్దరు మగవాళ్లూ చేతులు కిందికి వదిలి, ఆయన వైపే చూస్తున్నారు. ఆయన చేయి తొడుగుల వైపు సగందాకా వచ్చింది. మెషీనులో పంపు గురగురమంది. ఆయన చేయి జేబులోకి పోయి, రుమాలు తీసింది. నుదురు తుడుచుకుంటున్నట్టుగా మొదలై, ఆ రుమాలు ముక్కు దగ్గర ఆగింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత ఇంకొకటి. తర్వాత గుమ్మం దాటి కారిడార్‌లోకి వెళ్లి, అద్దాల తలుపు తనే దగ్గరగా వేశాడు.

గదిలో ఎవరూ నవ్వలేదు. మగవాళ్లలో పెద్దవాడు తన పక్కవాడితో, మామూలు గొంతుతోనే అన్నాడు: "నాకు సోమవారం జ్వరం."

ఫోను మళ్లీ మోగింది. ఇన్‌చార్జి దాన్ని ఎత్తి, తీగ సాగినంత మేర లాగి, అద్దాల తలుపు సందులోంచి సూపరింటెండెంటు చేతికి ఇచ్చింది. అవతల సర్జన్ ఏం అన్నాడో వినబడలేదు. ఈయన గొంతు మాత్రం వినబడింది. ఆస్పత్రిలో అంత గట్టిగా ఆ గొంతును ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"పచ్చదీపం రాలేదు! ఆగమంటే ఆగాలి!"

ఆ తర్వాత వాళ్లు అందరూ నిలబడే ఉన్నారు, లోపలివాళ్లు లోపల, ఆయన బయట. దీపం మారినప్పుడు పిచ్చుక తలుపు తీసింది. బుట్టలు మోస్తూ మామూలుగా ఊపిరి పీల్చింది.

నోటీసు రద్దయిందని ఎవరూ చెప్పలేదు. సోమవారం గ్యాస్ గదికి రావడానికి మగవాళ్లెవరూ దొరకలేదు, అంతే. ఆడవాళ్లు ఎప్పటిలాగే వచ్చి తొడుగులు వేసుకున్నారు. పెద్ద సర్జన్ మొదటి ఆపరేషన్ వేళ వెనక్కి జరిగింది. దానికి పరికరాల సౌలభ్యం అని కారణం రాశారు.

శాతాలమ్మ ఆ పొద్దున ఒకసారి కిందికి దిగి, అద్దాల తలుపు దగ్గర నిలబడింది. లోపలినుంచి పిచ్చుక ఆమెను చూసింది. చేతిలో బుట్ట దించి, తలుపు దగ్గరికి వచ్చి, చిన్నగా తెరిచింది.

"నీకు పైన పనేం లేదా?" అంది. "దారికి అడ్డంగా నిలబడతావేం, బండి రావాలి."

శాతాలమ్మ పక్కకు జరిగింది. బండి వెళ్లింది.